ఆడపిల్లల డబ్బా

డబ్బా మూత తీసి ఉంది.

వంటింటి గట్టు మీద, ఉల్లిపాయల బుట్ట పక్కన, ఎవరొచ్చినా కంటబడేలా పెట్టింది అంబర్. కూతురు నిలబడ్డ తీరు చూడగానే విజియాతికి సంగతి అర్థమైపోయింది. చేతిలో అట్లకాడ, పెనంలో వేగుతున్న సోయా టెంపే ముక్కలు, బయట బావి దగ్గర అత్తగారు. గురువారం పొద్దున్న ఆరున్నర. ఇలాంటివన్నీ సరిగ్గా ఇలాంటి వేళకే బయటపడతాయి, మొహం దాచుకోవడానికి కాస్త చీకటైనా ఉండదు.

"లెక్కపెట్టాను," అంది అంబర్. "మూడుసార్లు."

"ఎవరు పెట్టమన్నారు?"

"నువ్వే. శనివారం పంచాలి, ఎవరివి వాళ్ళకి కట్టి రబ్బరుబ్యాండు వెయ్యమన్నావు. మొన్న సోమవారమే అన్నావు. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. బుధవారానికల్లా జీతం వస్తుందనుకుంది. ఊరి బడిలో కాంట్రాక్టు టీచరు జీతం నెలకి నాలుగున్నర లక్షల రూపియా. అదీ మూడు నెలలకోసారి, ఇచ్చేవాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు. ఈసారి ఆరు నెలలవుతోంది.

"నలభై ఒక్క లక్షల అరవై వేలుండాలి. పదహారు లక్షల అరవై వేలున్నాయి. పాతిక లక్షలు లేవు."

విజియాతి టెంపే ముక్కల్ని తిరగేసింది. అప్పుడే తిరగేసినవాటిని మళ్ళీ తిరగేసింది.

"బ్యాంకులో వేశాను," అంది.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! పదిహేనేళ్ళ కూతురి ముందు, పొయ్యి దగ్గర నిలబడి, మంచినీళ్ళు తాగినంత సులువుగా అబద్ధమాడింది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా డబ్బు తీసినందుకన్నా ఈ ఒక్క మాటకే ఎక్కువ సిగ్గుతో చచ్చిపోయేది ఆమె.

"ఏ బ్యాంకు?"

"తుబాన్ టౌన్లో."

"పాస్‌బుక్కు చూపించు."

నూనె పొగలు కక్కుతోంది. తల్లి కదలకపోయేసరికి అంబరే వచ్చి పొయ్యి కట్టేసింది. "మాడిపోతున్నాయి," అంది, అదేదో ఇంకెవరింటి వంటో అయినట్టు.

పదిహేడుమంది ఆడపిల్లలు. రెండేళ్ళుగా ప్రతి శనివారం ఊరి హాల్లో చాపలేసుకుని కూర్చుంటారు. సంతలో ఐదువేలకొచ్చే సబ్బుపొడి చిల్లర పొట్లాలుగా కొంటే ఎందుకు ఏడువేలవుతుందో, ఇంటింటికీ తిరిగి అప్పులిచ్చేవాడు రోజుకి 'కొంచెమే' అంటూ నెలకి ఎంత లాగుతాడో, నాన్న సంతకం పెట్టమన్న కాగితం చదవకుండా ఎందుకు పెట్టకూడదో, అన్నీ విజియాతే నేర్పింది. ఊళ్ళో మగవాళ్ళు నవ్వేవారు. "మా పిల్లకి బ్యాంకు మేనేజరు ఉద్యోగం ఎప్పుడిప్పిస్తావు, బూ గురు?" అనేవారు; టీచరమ్మని అక్కడ అలాగే పిలుస్తారు. ఆమె కూడా నవ్వేది. పిల్లలు వేరుసెనగ వలిచి, వలలు అల్లి, బడి దగ్గర తినకుండా మిగుల్చుకుని, రెండువేలూ ఐదువేలూ తెచ్చి ఈ బిస్కెట్ డబ్బాలో వేసేవాళ్ళు. ఎంత వేసిందీ ఎవరి నోటుబుక్కులో వాళ్ళు రాసుకునేవాళ్ళు. పెద్ద పుస్తకం అంబర్ రాసేది. తాళం టీచరమ్మ దగ్గర.

"ఎప్పుడు తీశావు?" అంది అంబర్.

విజియాతి మాడిన ముక్కల్ని పళ్ళెంలోకి తీసింది.

"ప్రాప్తి అక్క పెళ్ళికి మనం బండిలో వేసుకెళ్ళిన బియ్యం..." అంబర్ డబ్బా వైపు తిరిగింది. "ఆ బియ్యం ఈ డబ్బులతోనేనా?"

"జీతం రాగానే పెట్టేద్దామనుకున్నానే."

"ప్రాప్తి అక్క పెళ్ళి ఆపమని ఆఫీసుకి వెళ్ళి రాసిచ్చింది నువ్వు! పదిహేడేళ్ళకి పెళ్ళేంటని మా అందరి ముందూ ఏడ్చింది నువ్వు! మళ్ళీ అదే పెళ్ళికి మా డబ్బుతో చదివింపులా?"

"మెల్లగా. నానమ్మ వింటుంది."

వినేసింది. సానియెం ముసలమ్మకి ఎదురుగా అరిచినా వినపడదు గానీ, గోడవతల గుసగుసలాడితే చక్కగా వినపడుతుంది. నీళ్ళబకెట్టు గడప దగ్గర పెట్టి లోపలికొచ్చింది.

"ఏంటి మనవరాలు గొంతు పెంచుతోంది?"

"అమ్మ మా డబ్బా డబ్బు తీసి పెళ్ళిలో చదివించింది, నానమ్మా."

"మరి చదివించకుండా ఎలా?" అంది ముసలమ్మ, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "మీ సుమిని అత్త పెళ్ళికి ప్రాప్తి వాళ్ళమ్మ కార్సినా ఏం పెట్టిందో తెలుసా? క్వింటాలు బియ్యం, ఇరవై కిలోల పంచదార, మూడు కట్టల సిగరెట్లు, కవరులో ఐదు లక్షలు. ఎనిమిదేళ్ళయింది. వాళ్ళింట్లో పందిరి లేచినప్పుడు మనం తిరిగి పెట్టాలా వద్దా?"

సానియెంకి అక్షరం ముక్క రాదు. కానీ చదివింపుల పుస్తకంలో ఏ పేజీలో ఏముందో నోటికొచ్చు. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక పుస్తకముంటుంది, ఖురాను తర్వాత జాగ్రత్తగా దాచేది దాన్నే. బెసర్ నెల వచ్చిందంటే వారానికి నాలుగు పెళ్ళిళ్ళు. పందిట్లో బల్ల వేసుకుని కూర్చున్నవాడు పాత పుస్తకం తిరగేసి, వచ్చినవాళ్ళు తెచ్చింది సరిపోయిందా లేదా చూస్తాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా మెడలు చాచి చూస్తారు.

"నాలుగు మాటలంటారని పిల్లల డబ్బు తీస్తారా, నానమ్మా?"

"నాలుగు మాటలా? నీకు తెలీదమ్మా. ఒక్కసారి తక్కువ పెడితే మూడు తరాలు చెప్పుకుంటారు."

సార్మిన్ అప్పుడే లేచొచ్చాడు. సున్నపురాయి క్వారీలో పని, పదిసార్లు స్నానం చేసినా కనుబొమల్లోంచి తెల్లదుమ్ము పోదు. ముగ్గురి మొహాలూ చూశాడు, డబ్బా చూశాడు. అంబర్ రెండు ముక్కల్లో చెప్పింది.

పొట్టిగా ఒక నవ్వు నవ్వాడు. "బాగుంది. ఊరి ఆడపిల్లలందరికీ డబ్బు దాచుకోవడం నేర్పే టీచరమ్మ!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. విజియాతి తల ఎత్తకుండానే అంది.

"పెళ్ళికి రెండు రోజుల ముందు మీకు చెప్పాను. చేతిలో ఏమీ లేదన్నాను. మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"'పరువు పోతుంది, ఎలాగోలా సర్దు' అన్నారు. ఎలాగోలా అంటే ఎలాగో అడిగారా? బియ్యం బస్తా మీరే బండికెత్తారు. ఇదెక్కడిదని ఒక్కమాట అడిగారా?"

సార్మిన్ కాఫీగ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. అందులో కాఫీ లేదు. అయినా కాసేపు అలాగే పట్టుకున్నాడు.

"దీనికింత బెంగెందుకు?" అంది సానియెం చివరికి. "నలభై మూడిళ్ళలో మనం పెట్టినవున్నాయి. నాకు లెక్కుంది. మనమూ ఒక పందిరి వేద్దాం. అన్నీ తిరిగొస్తాయి. పిల్లల డబ్బు తిరిగిచ్చేసినా, ఇంకా మిగుల్తుంది."

"ఎవరి పేరున వేస్తాం అత్తయ్యా పందిరి? సుమిని పెళ్ళయిపోయింది. మనింట్లో ఇంకెవరున్నారని..."

అంటూనే ఆగిపోయింది విజియాతి. ముసలమ్మ చూపు మెల్లగా మనవరాలి మీదకి వెళ్ళింది.

"పెళ్ళి కాదే. ఉంగరాలు మార్చుకోవడమే. కార్సినా తమ్ముడి కొడుకున్నాడు, సిమెంటు లారీ తోలుతాడు, బుద్ధిమంతుడు. పెళ్ళి తర్వాత చూసుకోవచ్చు. రెండేళ్ళకో, మూడేళ్ళకో."

విజియాతి మొగుడి వంక చూసింది. కాదను, నోరు మూసుకోమను, ఏదో ఒకటి అను అనుకుంది. సార్మిన్ గ్లాసు కింద పెట్టాడు, చెప్పులేసుకున్నాడు, పనికి పొద్దుపోతోందన్నాడు.

కాదనలేదు.

అంబర్ డబ్బాకి మూత పెట్టింది. తాళం వేసింది. తాళంచెవి తల్లి చేతికివ్వకుండా తన మెడలో గొలుసుకి తగిలించుకుంది. ఆ పని ఎంతో మామూలుగా చేసింది, కానీ విజియాతికి చెంప మీద కొట్టినట్టయింది. 'ఇవ్వవే' అనడానికి నోరెక్కడుంది?

*

చదివించింది తిరిగి అడిగిన మనిషి ఈ ఊళ్ళో లేడు. అప్పిచ్చి అడుగుతారు, ఎరువిచ్చి అడుగుతారు, బావి తాడిచ్చి కూడా అడుగుతారు. పందిట్లో పెట్టింది మాత్రం అడగరు. అది తిరిగొచ్చే రోజు వేరే ఉంటుంది.

విజియాతి అడగడానికే బయల్దేరింది. అత్తగారి పందిరి మాట విన్న తర్వాత ఆమెకి ఇంకో దారి కనపడలేదు. తన పరువు పోతే పోయింది, కూతురి మెడకి చుట్టుకోకూడదు అనుకుంది. శుక్రవారం మధ్యాహ్నం, మగవాళ్ళంతా మసీదు నుంచి వచ్చి తిని పడుకున్నాక, గొడుగు అడ్డం పెట్టుకుని నడిచింది.

"ఎటు, బూ గురు, ఇంత ఎండలో?" అని అరుగు మీంచి ఎవరో పలకరించారు.

"ఊరికే," అంది.

కార్సినా వాకిట్లో పెళ్ళి అన్నం ఎండబెడుతోంది. మిగిలిపోయిన అన్నం చాటల నిండా, తడకల నిండా, రాళ్ళలా గట్టిపడి ఉంది. రెండు వారాలైనా ఇంకా అయిపోలేదు. విజియాతిని చూసి మొహం చేటంత చేసుకుంది.

"రా రా, విజీ! ఏ గాలి వీచింది? ప్రాప్తీ, కాఫీ పెట్టవే! మీ బూ గురు వచ్చింది!"

చాప మీద కూర్చున్నారు. కొత్తల్లుడి గురించి, ఈ ఏటి మొక్కజొన్న గురించి కార్సినా చెబుతూనే ఉంది. విజియాతి మూడుసార్లు నోరు తెరిచి మూసింది. నాలుగోసారి కళ్ళు మూసుకున్నట్టుగా అనేసింది.

"అక్కా, మేం పెట్టిన బియ్యం ఉంది కదా... క్వింటాలు. అందులో సగమైనా, లేకపోతే ఆ కవరులోది... అప్పనుకో. జీతం రాగానే మళ్ళీ తెచ్చి పెట్టేస్తాను. ఎవరికీ తెలీదు."

కార్సినా పకపకా నవ్వింది. వేళాకోళమనుకుంది. తర్వాత విజియాతి మొహం చూసి నవ్వు ఆపింది.

"నిజంగానే అడుగుతున్నావా?"

"నిజంగానే."

"అల్లా! మా అత్త ఎనభై ఏళ్ళు బతికింది, విజీ. ఆవిడ కూడా విని ఉండదు ఈ మాట."

విజియాతి చాప అంచు పీకుతూ కూర్చుంది. భూమి చీలి మింగేస్తే బాగుండుననుకునే సమయాలుంటాయి మనిషికి, అలాంటిదే ఇదొకటి. కార్సినా చెడ్డది కాదు. అరిచి ఉంటే బాగుండేది. జాలిపడింది.

"ఉంటే ఇవ్వనా? ఏమీ లేదే తల్లీ. వచ్చిన బియ్యమంతా షావుకారు తోలుకుపోయాడు, కిలోకి రెండువేలు తక్కువకి. టెంటువాడికి, మేకలవాడికి, పాటగత్తెలకి. ఆ సౌండు బాక్సులవాడైతే మూడు రోజులు నా అరుగు మీదే కూర్చున్నాడు. కాఫీలు కూడా నేనే పోశాను! ఇప్పుడు నా దగ్గరున్నదల్లా ఈ ఎండన్నం. కావాలంటే ఓ సంచీడు పట్టుకెళ్ళు."

"వద్దులే అక్కా."

"అంత అవసరమేమొచ్చింది?"

"ఏదో... చిన్న అవసరం."

కార్సినా చాటలో అన్నం అటూ ఇటూ కదిపింది.

"ఒకటి చెప్పనా? మా పిల్లకి పదిహేడేళ్ళే, కోర్టు పర్మిషను ఇవ్వొద్దని నువ్వు ఆఫీసులో రాసిచ్చావు. నాకు ఆ రోజే తెలుసు. మండిపోయాను. కానీ నువ్వు క్వింటాలు బియ్యంతో పందిట్లోకొచ్చావు చూడు, అప్పుడే పోయింది నా కోపం. ఊరందరికీ చెప్పాను. చూశారా, బూ గురు కూడా ఒప్పుకుంది, మనసారా పెట్టింది అని."

ప్రేమగానే అంది ఆ మాట. చెయ్యి కూడా పట్టుకుంది. విజియాతికి ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించింది, విడిపించుకోలేదు.

ప్రాప్తి కాఫీ తెచ్చింది. పూర్తి పేరు సుప్రాప్తి. చేతుల గోరింట ఇంకా పోలేదు. తలొంచుకుని గ్లాసు పెట్టి లోపలికెళ్ళిపోయింది. వంటిల్లు ఈ చాపకి నాలుగడుగుల దూరం, మధ్యలో ఉన్నది వెదురు తడక. ఎంత విందో ఏం విందో తెలీదు.

వెళ్ళొస్తానని లేచి గేటు దాకా వచ్చాక వెనక అడుగుల చప్పుడైంది. ప్రాప్తి చేతిలో చిన్న పొట్లం. "అమ్మ ఎండన్నం ఇమ్మంది," అంది గట్టిగా, ఇంట్లోవాళ్ళకి వినపడేలా. తర్వాత గొంతు తగ్గించింది.

"రేపు ఎన్నింటికి, బూ?"

"ఏంటమ్మా?"

"డబ్బులు పంచేది. నావి ఆరు లక్షల నలభై వేలున్నాయి. మంగళవారంలోగా తుబాన్లో ప్రైవేటు పరీక్షకి కట్టాలి, ఐదున్నర లక్షలు. ఈ ఏడాది కట్టకపోతే ఇంక కట్టలేను, బూ. అత్తారింటికి తీసుకెళ్ళిపోతారు." ఇంటి వైపు ఒకసారి చూసింది. "ఆయనకి చెప్పలేదు. అమ్మకి కూడా తెలీదు. నాకంటూ ఉన్నది అదొక్కటే. అలా ఒకటి ఉంచుకోమని మీరేగా చెప్పారు."

"పదింటికి," అంది విజియాతి.

ఇంకేమనగలదు? అనొచ్చు. అక్కడే, ఆ గేటు దగ్గరే, అంతా చెప్పేయొచ్చు. చెప్పకుండానే గేటు దాటింది.

ఇంటికొస్తూంటే లెక్క దానంతటదే తేలింది, లెక్కలు చెప్పే మనిషి కదా. వేరుసెనగ వలిచి వలిచి గోళ్ళరిగిపోయి ఆ పిల్ల దాచుకున్న డబ్బుతో బియ్యం కొని, ఆ పిల్లకి ఇష్టంలేని పెళ్ళిలో తనే చదివించింది. ఆ బియ్యం చవగ్గా అమ్మి సౌండు బాక్సులవాడికి కట్టారు. రాత్రంతా ఆ బాక్సులు మోగితే ఊళ్ళో ఎవరూ నిద్రపోలేదు. తనూ నిద్రపోలేదు. రోడ్డు పక్కన తాటిచెట్టు కింద ఒక్క నిమిషం నిలబడి, పొట్లం గట్టిగా పట్టుకుని ఏడ్చింది విజియాతి. ఎవరో వస్తుంటే చెమట తుడుచుకున్నట్టు కొంగుతో మొహం తుడుచుకుంది.

*

శనివారం పొద్దున్న అంబర్ అడక్కుండానే తాళం తీసింది. ఆరు లక్షల నలభై వేలు విడిగా లెక్కపెట్టి ఒక కవరులో పెట్టింది.

"ఇవి ప్రాప్తి అక్కవి. ఏమైనా సరే వీటి జోలికెళ్ళకు. మిగతావి అయిపోగానే అందరికీ నిజం చెప్పెయ్యి. నేను పక్కనే ఉంటాను."

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

విజియాతి కవరు తన సంచిలో పెట్టుకుంది. నిజంగా చెప్పాలనే అనుకుంది.

పదింటికల్లా హాలు నిండింది. పిల్లలు మంచి బట్టలేసుకొచ్చారు. కొందరు తలలో పూలు పెట్టుకున్నారు. ఒకమ్మాయి కొత్త పర్సు కొనుక్కొచ్చింది, లోపల ఇంకా కాగితం ఉంది. అంబర్ పేరు చదువుతుంది, విజియాతి డబ్బు లెక్కపెట్టి ఇస్తుంది, పిల్ల పెద్ద పుస్తకంలో 'ముట్టింది' అన్న గడిలో సంతకం పెడుతుంది. పెట్టిన ప్రతి పిల్లకీ మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండో పిల్ల విజియాతి చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. ఇప్పుడు చెప్పేస్తాను, ఈ పిల్ల వెళ్ళగానే చెప్పేస్తాను అనుకుంది విజియాతి. ఐదుగురు వెళ్ళారు. డబ్బాలో లక్షా ముప్పై వేలు మిగిలాయి.

ఆరోది యాతిన్. ఆ పిల్ల ఒక్కతే రాలేదు, వాళ్ళమ్మ లిలిక్ కూడా వచ్చింది. సంతలో చేపలమ్మే మనిషి, ఆమె గొంతుకి సంతంతా దడుస్తుంది.

"ఐదు లక్షల ఎనభై వేలు, బూ గురు," అంది లిలిక్, నిలబడే. "మా పిల్ల రాసుకుంది. నేను పొద్దున్నే చూశాను. మా ఆయన ఒకటే గోల, టీచరమ్మ దగ్గర డబ్బెందుకు, తినేస్తుంది అని. నేనేమన్నానో తెలుసా? బూ గురుని అంటే నాలుక కోస్తానన్నాను!"

పిల్లలు కిలకిల నవ్వారు. విజియాతి కూడా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి డబ్బాలో పెట్టింది. నోట్లు తీసింది. చాలవు. లిలిక్ చూస్తోంది. పదిమంది పిల్లలు చూస్తున్నారు. ఆ చెయ్యి, ఎవరిదో చెయ్యైనట్టు, సంచిలోకి వెళ్ళింది.

"అమ్మా," అంది అంబర్, ఒక్కమాటే.

కవరు చిరిగింది. విజియాతి నాలుగున్నర లక్షలు లెక్కపెట్టి, మొదటివాటితో కలిపి లిలిక్ చేతిలో పెట్టింది. లిలిక్ వేలు తడిచేసుకుని లెక్కపెట్టుకుంది, తృప్తిగా తలూపింది, కూతుర్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది. అంబర్ పుస్తకంలోకి వంగి కూర్చుంది. తర్వాతి పేరు చదవలేదు.

అప్పుడొచ్చింది ప్రాప్తి.

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే పిల్లలందరి వైపూ నవ్వింది. "టెంపే కొనాలని చెప్పొచ్చాను. ఆయన బయట బండి మీదున్నాడు. నన్ను ముందు పంపించెయ్యండే, ప్లీజ్," అంటే పిల్లలు గోలగోలగా దారిచ్చారు. వచ్చి విజియాతి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

విజియాతి కవరు పుస్తకం కింద నుంచి ఆ పిల్ల వైపు జరిపింది. అందులో లక్షా తొంభై వేలున్నాయి. ప్రాప్తి వేళ్ళతో తడిమింది. మందం తెలిసిపోయింది ఆ వేళ్ళకి. కవరు చింపి ఉండటం చూసింది, ఖాళీ డబ్బా చూసింది, తలెత్తని అంబర్‌ని చూసింది.

"నిన్న మీరు అమ్మని అడిగింది..." అంది మెల్లగా. "ఆ బియ్యం మా డబ్బుతోనేనా, బూ?"

విజియాతి తలూపింది. ఊపినట్టు తనకే తెలీలేదు.

ప్రాప్తి ఏడవలేదు. కోప్పడలేదు. బయట హారను మోగింది. ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి వరసలో ఉన్న చిన్నపిల్లల్ని చూసింది. కవరు మళ్ళీ విజియాతి వైపు నెట్టింది.

"వీటిని వాళ్ళకివ్వండి. నాది పోనివ్వండి, బూ. మీకు మాట రాకూడదు."

"ప్రాప్తీ, వద్దు... మంగళవారానికి నేను ఎలాగైనా..."

"ఎలా తెస్తారు, బూ?"

నిలదీసినట్టు అనలేదు, నిజంగానే అడిగింది. తర్వాత తనే పెన్ను తీసుకుంది. పుస్తకం తనవైపు తిప్పుకుంది. ఆరు లక్షల నలభై వేలు అన్న అంకెకి ఎదురుగా, 'ముట్టింది' గడిలో, పూర్తి పేరు గుండ్రంగా రాసింది. అంత బాగా రాయడం నేర్పింది విజియాతే.

ఆ చెయ్యి పట్టుకోవాలి. పెన్ను లాక్కోవాలి. లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పాలి. విజియాతికి ఇవన్నీ తెలుసు. తెలిసి, ఆ సంతకం చివరి అక్షరం దాకా చూస్తూ కూర్చుంది. పైగా గుండెలో ఎక్కడో ఒక మూల, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్య కోసం తనని తను ఎప్పటికీ క్షమించుకోలేననుకుంది.

పిల్లలు అలవాటుగా చప్పట్లు కొట్టారు. ప్రాప్తి నవ్వుతూ లేచి, చెప్పులేసుకుని, ఖాళీ చేతులతో ఎండలోకి వెళ్ళిపోయింది. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

వరసలో ముందున్నది మెనిక్. పన్నెండేళ్ళది, క్లాసులో అందరికన్నా చిన్నది, ఏదీ చూడకుండా వదలదు. మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి, ప్రాప్తి వదిలేసిన పెన్ను తీసుకుంది. కవరు వైపు చూసింది, ప్రాప్తి సంతకం వైపు చూసింది. తన పేరున్న గడి వెతుక్కుని దాని మీద వేలు పెట్టింది.

"మేము కూడా డబ్బు తీసుకోకుండానే సంతకం పెట్టాలా, బూ?"

వరసలో వెనకున్నవాళ్ళు మెడలు చాచి చూశారు. అంబర్ తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. మెనిక్ పెన్ను పట్టుకుని, జవాబు కోసం ఎదురుచూస్తోంది.